స్టార్టు చేసే ముందు అరగంట కూడా పనే

సార్వా పనులకు కాలువలు వదలగానే గోదావరి డెల్టాలో ప్రతి ఊళ్ళోనూ ట్రాక్టర్లు షెడ్లలోంచి బయటికి వస్తాయి. ఆకుమళ్ళు, దమ్ములు, ఊడ్పులు ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తాయి. ఆ రోజుల్లో కాఫీ హోటలు బల్లల దగ్గర కూర్చుంటే రెండే మాటలు వినపడతాయి. ఎకరం దమ్ముకి ఎంత తీసుకుంటున్నారు? డీజిలు రేటు ఎంతకి చేరింది? ఫలానా బండికి బ్రేకులు పడుతున్నాయా, ట్రక్కు పిన్నుకి క్లిప్పు వుందా అని అడిగేవాడు ఒక్కడూ కనపడడు. ఆ మాట అడగవలసింది మెకానిక్కు మాత్రమే అని మనవాళ్ళు కూడా అనుకుంటున్నారు. అక్కడే మనం పొరబడుతున్నాం. ట్రాక్టరు బాగోగులు యజమాని ఆస్తికి సంబంధించిన సంగతి ఒక్కటే కాదు. దాన్ని నడిపేవాడూ కూలీయే. దాని వెనక ట్రక్కులో ఎక్కేవాళ్ళూ కూలీలే. యంత్రం చెడితే యజమానికి రిపేరు ఖర్చు వస్తుంది. కూలీకి ప్రాణం పోతుంది. అందుకే కూలి రేట్లు, పని గంటల పక్కనే యీ ప్రశ్న కూడా వ్యవసాయ కార్మికుల కోర్కెల పత్రంలోకి ఎక్కాలని నా వాదన.

విధి రాత కాదు

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిర్చి చేలకు వెళుతున్న కూలీల ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలో పడింది. తొమ్మిది మంది ఆడకూలీలు చనిపోయారు. అదే సంవత్సరం జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర పత్తి చేల పనికి బయల్దేరిన ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది పోయారు. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కోసి ఇళ్ళకు తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగలు మీద పడి కూలీలు అక్కడికక్కడే మాడిపోయారు. మన గోదావరి గడ్డ మీద 2024 సెప్టెంబరు 10న, దేవరపల్లి మండలంలో జీడిగింజల బస్తాలతో వెళుతున్న మినీ లారీ తిరగబడి, బస్తాల కింద నలిగి ఏడుగురు జట్టు కూలీలు చనిపోయారు.

యీ నాలుగింటికీ కారణం ఒకటే అని నేను అనడం లేదు. కాని ఒక్క సంగతి మాత్రం నాలుగింట్లోనూ వుంది. సరుకు మొయ్యడానికి చేసిన బండి మీద మనుషులున్నారు. అలాంటి చావు జరిగిన ప్రతిసారీ మంత్రులు వస్తారు, సంతాపం చెబుతారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, డ్రైవరు మీద కేసు పెడతారు. ఊళ్ళో పెద్దలు "రాతండి, ఏం చేస్తాం" అంటారు. రాత అనే మాట యజమానికి చాలా సుఖమైన మాట. అరిగిపోయిన బ్రేకు లైనరును ఎవరు మార్చలేదో, ఎందుకు మార్చలేదో అడగవలసిన పని అప్పుడు వుండదు.

డెల్టా భూమిలో బండి ఎలా చెడుతుంది

మెట్ట ప్రాంతంలో ట్రాక్టరుకి శత్రువు దుమ్ము. మన డెల్టాలో శత్రువు నీళ్ళు, బురద. దమ్ము చేసేటప్పుడు ఇరుసు దాకా బండి బురదలోనే తిరుగుతుంది. పొద్దున్న పెట్టిన గ్రీజు సాయంత్రానికి కొట్టుకుపోతుంది. సీళ్ళు పాతబడితే నీళ్ళు హబ్బుల్లోకి, గేరుబాక్సులోకి, బ్రేకుల్లోకి దిగుతాయి. పాత రకం పొడి బ్రేకుల బండయితే తడిసిన ప్లేట్లు పట్టవు. చేలో వున్నంతసేపూ ఆ సంగతి తెలియదు, ఎందుకంటే బురదే బండిని ఆపుతుంది. సాయంత్రం గట్టు ఎక్కి రోడ్డు మీదికి వచ్చినాక, పెడలు మీద కాలు వేసినప్పుడు తెలుస్తుంది. అప్పటికి వెనక ట్రక్కు తగిలించి వుంటుంది, అందులో ఊడ్పు చేసి అలసిపోయిన ఆడవాళ్ళు కూర్చుని వుంటారు.

మన రోడ్లు ఎలాంటివో కూడా చూడాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడు తవ్విన కాలువలు సాగుకే కాదు, పడవలకూ దారులే. గట్ల మీద నడుచుకుంటూ మనుషులు పడవలను తాళ్ళతో లాగేవారు. నడిచే మనిషి కోసం వేసిన ఆ గట్ల మీదనే ఇవాళ ధాన్యం ట్రక్కులు, చేపల చెరువుల మేత బండ్లు పోతున్నాయి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను. ఎదురుబండి వస్తే తప్పుకోవడానికి మూర జాగా వుండదు. కాలువ దాటాలంటే వంతెన ఎక్కాలి, దిగాలి.

ఒక లెక్క వేసి చూడండి. మన వైపు ధాన్యం బస్తా 75 కిలోలు. ట్రక్కుకి 60 బస్తాలు వేస్తే నాలుగున్నర టన్నులు. లాగే ట్రాక్టరు రెండు టన్నుల ప్రాంతంలో వుంటుంది. మన ఊళ్ళల్లో తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకు లేదు. అంటే వంతెన దిగేటప్పుడు రెండు టన్నుల బండి తన బ్రేకులతో, తనకన్నా రెండింతల బరువును కూడా ఆపాలి. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్లో వదిలితే ఇంజను పట్టు కూడా పోతుంది. వెనక బరువు ముందు బండిని పక్కకు తోసి, మధ్యలో కత్తెరలా మడిచేస్తుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగం అంటే చూడ్డానికి నిదానమే. కాని అది సెకనుకు ఇరవై మూడు అడుగులు. మన కాలువ గట్లు ఎన్ని అడుగుల వెడల్పో అందరికీ తెలుసు.

ట్రాక్టరుకి ఇంకో ప్రత్యేకత వుంది. చేలో మళ్ళు తిరగడానికి కుడి చక్రానికో బ్రేకు, ఎడమ చక్రానికో బ్రేకు విడివిడిగా పెడతారు. రోడ్డు ఎక్కేటప్పుడు రెండు పెడళ్ళనూ కలిపే కొక్కెం వెయ్యాలి. కొక్కెం వెయ్యకుండా వేగంలో ఒక్క పెడలు తొక్కితే బండి ఆ పక్కకే తిరుగుతుంది. కొక్కెం వేసినా రెండు వైపులా బ్రేకు సమానంగా పట్టకపోతే అదే జరుగుతుంది. గట్టు మీద పక్కకి తిరగడమంటే కాలువలోకి దిగడమే. ఎన్నో బండ్లకు ఆ కొక్కెం విరిగి ఏళ్ళు గడిచాయి. కొత్తది వెయ్యడానికి అయ్యే ఖర్చు ఒక్క ఎకరం దమ్ము అద్దెకు సరిపోదు.

చక్రం తిరక్కపోతే ట్రాక్టరు తిరుగుతుంది

దమ్ములో బండి దిగబడినప్పుడు డ్రైవర్లు చేసే పని ఒకటుంది. ఇనుప చక్రాల ముందు దుంగ అడ్డం కట్టి, గట్టిగా యాక్సిలరేటరు ఇస్తారు. ఇది చాలా ప్రమాదం. ఇంజను బలం ఎక్కడికో ఒకచోటికి పోవాలి. చక్రం తిరగడానికి వీల్లేకపోతే ఆ బలం ఇరుసు చుట్టూ బండినే తిప్పుతుంది. ముక్కు పైకి లేస్తుంది. ఒకటి, ఒకటిన్నర సెకనులో వెనక్కి బోర్లా పడుతుంది. డ్రైవరు స్టీరింగు కింద, బురదలో వుంటాడు. దూకడానికి వ్యవధి వుండదు. ట్రక్కునుగాని, దిగబడిన ఇంకో బండినిగాని కింద డ్రాబారుకి కాకుండా పైన లింకుకి కట్టి లాగినా ఇదే జరుగుతుంది. దిగబడితే వెనకగేరులో మెల్లిగా రావాలి. రాకపోతే ఇంకో బండితో, తక్కువ ఎత్తున కట్టి లాగించాలి.

స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు డ్రైవరు చుట్టూ ఇనుప చట్రం వుండాలని నిర్బంధం చేసింది. బండి తిరగబడినా మనిషి నలిగిపోకుండా ఆ చట్రం కాపాడుతుంది. తర్వాత పాత బండ్లకూ పెట్టించారు. అక్కడ బోల్తా చావులు దాదాపు ఆగిపోయాయి. ఆ దేశపు డ్రైవర్లు మన డ్రైవర్లకన్నా గొప్ప నేర్పరులని కాదు. బండి తిరగబడుతుందని ముందే ఒప్పుకుని ఏర్పాటు చేశారు. మన దగ్గర ఎండ తగలకుండా టాపు వేస్తారు. ఆ రేకు టాపు బండి బరువును మొయ్యదు.

సెకనుకు తొమ్మిది చుట్లు

ట్రాక్టరు వెనక రోటావేటరునుగాని, నూర్పిడి మిషనునుగాని తిప్పే పీటీవో షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. షాఫ్టు మూడంగుళాల లావు వుంటే ఒక్క సెకనులో ఏడడుగుల గుడ్డను చుట్టేస్తుంది. కళ్ళంలో పనిచేసే ఆడమనిషి పైటగాని, కుర్రవాడి తువ్వాలుగాని దానికి చిక్కితే, "ఆపండ్రోయ్" అని అరిచేలోగా అంతా అయిపోతుంది. కొత్త బండికి షాఫ్టు మీద ప్లాస్టిక్కు తొడుగు వస్తుంది. మొదటిసారి గ్రీజు పెట్టేటప్పుడో, క్రాసు మార్చేటప్పుడో దాన్ని పీకి షెడ్డు మూల పడేస్తారు. మళ్ళీ ఎక్కించరు. తిరిగే షాఫ్టు మీదుగా దాటడం, ఇంజను ఆపకుండా రోటావేటరులో చిక్కిన గడ్డి లాగడం, హైడ్రాలిక్కు మీద ఎత్తిపెట్టిన పనిముట్టు కింద దూరడం రోజూ మన కళ్ళముందు జరుగుతున్నాయి. హైడ్రాలిక్కు ఏ క్షణమైనా జారుతుంది. కింద మొద్దు పెట్టకుండా చెయ్యి కూడా పెట్టకూడదు.

పొద్దున్నే చూడవలసినవి

డ్రైవరు సోదరులకు తెలియనివని కాదు, అందరూ ఒకే వరసలో చూడాలని యీ జాబితా రాస్తున్నాను.

1. ఇంజను ఆయిలు, రేడియేటరు నీళ్ళు, ఎయిర్ క్లీనరు. రేడియేటరు మూత ఇంజను చల్లగా వున్నప్పుడే తియ్యాలి. చాలా బండ్లకు ఇంజను ఆయిలు 250 గంటలకు మార్చాలంటారు. మీ బండికి ఎంతో కంపెనీ పుస్తకంలో వుంటుంది, గంటల మీటరు చూసుకోవాలి.

2. దమ్ము రోజుల్లో గ్రీజు నిప్పుల్సు అన్నింటికీ రోజూ గ్రీజు. పాత గ్రీజుతోపాటు నీళ్ళూ బురదా బయటికి వచ్చేదాకా కొట్టాలి. గేరుబాక్సు ఆయిలు మజ్జిగలా తెల్లబడితే నీళ్ళు దిగాయన్నమాట. ఆ బండిని రోడ్డెక్కించకూడదు.

3. బ్రేకులు. కొక్కెం వేసి, ఖాళీ జాగాలో మెల్లిగా నడిపి తొక్కాలి. బండి తిన్నగా ఆగాలి. ఏ పక్కకు లాగినా సరిచేయించాలి. దమ్ములోంచి వచ్చిన ప్రతిసారీ రోడ్డెక్కక ముందు మళ్ళీ చూడాలి.

4. స్టీరింగు. చక్రాలు కదలకుండా స్టీరింగు ఎంత ఆడుతోందో చూడాలి. కింద రాడ్ల జాయింట్లు ఊగుతుంటే అదే జబ్బు.

5. ఇనుప చక్రాలు తీసి టైర్లు ఎక్కించినాక నట్లు బిగించి, కొంతసేపు నడిచినాక మళ్ళీ బిగించాలి. వెనక రెండు టైర్లలోనూ గాలి సమానంగా వుండాలి.

6. ట్రక్కు పిన్ను, దానికి క్లిప్పు, పైన ఒక గొలుసు. పిన్ను బదులు గునపం ముక్కో, ఇనుప కడ్డీయో పెట్టిన బండి కదలకూడదు. ట్రక్కు తలుపుల కొక్కేలు కూడా చూడాలి.

7. వెనక ఎర్ర దీపం, ఎర్ర రిఫ్లెక్టరు. చీకట్లో దీపం లేకుండా రోడ్డు పక్క ఆగిన ట్రక్కుని మోటారుసైకిలు కుర్రాళ్ళు గుద్దుకోవడం కోతల కాలంలో మామూలైపోయింది.

8. గడ్డి ట్రక్కయితే ఎత్తు. దారిలో కరెంటు తీగలు ఎక్కడ కిందికి వేలాడుతున్నాయో బరువు ఎత్తక ముందే చూసుకోవాలి.

ఇదంతా చెయ్యడానికి అరగంట చాలు. గ్రీజు గన్ను, ఒక స్పానర్ల సెట్టు, ఒక గుడ్డ వుంటే సరిపోతుంది.

మరి ఎందుకు చెయ్యడం లేదు?

ఎకరానికింత అని లెక్కగట్టి ఇచ్చే పనిలో, బండి ఆగిన ప్రతి నిమిషం డ్రైవరు సొంత నష్టం. ఒక డ్రైవరుని యీ మాటే అడిగితే సూటిగా చెప్పాడు: "ఏటి బాబాయ్ మీరు, గ్రీజు కొడతా కూకుంటే ఎకరం తగ్గిపోద్ది. ఆ ఎకరం డబ్బులు సంఘం ఇస్తదా?" అతని ప్రశ్నలో న్యాయముంది. అరగంట తనిఖీకి కూలి లేదు, ఒక ఎకరం దమ్ముకి కూలి వుంది. ఇక మనిషి ఏది చేస్తాడు? డ్రైవర్లకు బాధ్యత లేదని తిట్టేవాళ్ళు మొదట యీ లెక్క చూడాలి. బ్రేకులు బాగోలేవని బండి ఎక్కనంటే, రేపు ఇంకొకడిని పిలుస్తారు. సీజను అంతా కలిపి కొద్ది వారాలే. ఆ వారాల్లో పని పోగొట్టుకోవడానికి ఎవరు సాహసిస్తారు?

ట్రాక్టరు యజమానులందరూ కోటీశ్వరులు కారనే మాట కూడా నిజమే. బ్యాంకు వాయిదాకో, ఫైనాన్సు వాయిదాకో భయపడుతూ బండి తిప్పుతున్న చిన్న రైతులున్నారు. అద్దె కట్టలేక నలుగుతున్న కౌలురైతులున్నారు. వాళ్ళ మీదికి కూలీలను ఉసిగొల్పడం నా ఉద్దేశం కాదు. కాని బేరం ఆడేటప్పుడు డీజిలు ఖర్చు లెక్కలోకి వస్తోంది, వాయిదా వస్తోంది, టైరు అరుగుదల వస్తోంది. మనిషి ప్రాణానికి కావలసిన గ్రీజు, లైనరు, అరగంట కూలి మాత్రం రావడం లేదు. వాటిని కూడా అద్దెలో కలిపి బాహాటంగా చెప్పండి. అన్ని బండ్లకూ ఒకే కట్టుబాటు వుంటే ఎవరికీ పోటీ నష్టం వుండదు. సీజను మధ్యలో గేరుబాక్సు పగిలి పది రోజులు బండి నిలిచిపోతే పోయే డబ్బుతో పోలిస్తే యీ ఖర్చు ఎంత?

ప్రభుత్వం సంగతి వేరు. 2022 జూన్ 7న గుంటూరులో యంత్రసేవా పథకం కింద ఒక్కరోజే 3,800 ట్రాక్టర్లు రైతు సంఘాలకు పంచారు. వరసగా నిలబెట్టి జెండా ఊపారు. ప్రజల సొమ్ము సబ్సిడీగా తీసుకున్న ప్రతి బండికీ చట్రం, షాఫ్టు తొడుగు, ట్రక్కు బ్రేకు, తనిఖీ పుస్తకం వుండాలని షరతు పెట్టడానికి ఏ ప్రభుత్వానికీ అడ్డేముంది? ఏ పార్టీ వచ్చినా పంపిణీ ఫొటోలు పడుతున్నాయి, తనిఖీ ఫొటో ఒక్కటీ పడడం లేదు.

చట్టం ఎంతవరకు వస్తుంది

నూర్పిడి మిషన్లలో చేతులు తెగుతున్నాయన్న ఆందోళన మీద పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. ట్రాక్టరుతో సాగు చేసేచోట దెబ్బతిన్న కూలీకి నష్టపరిహారం ఇవ్వాలన్న సూత్రం 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలోనే వుంది. 2020లో చేసిన సామాజిక భద్రత కోడ్‌లోకి ఆ విషయాన్ని కలిపేశారు. కాని ఫలానా యజమాని దగ్గర పని చేస్తూ దెబ్బతిన్నానని రుజువు చెయ్యాలి. హాజరు పుస్తకం లేని చోట, మేస్త్రి నోటిమాటే అన్నీ అయిన చోట ఆ రుజువు ఎక్కడిది?

బీమా సంగతి ఇంకా అన్యాయం. ట్రాక్టరు మీద సీటు ఒక్కటే, డ్రైవరుది. మడ్‌గార్డు మీద కూర్చున్నవాడికీ, ట్రక్కులో ఎక్కినవాళ్ళకీ బీమా వర్తించదని కంపెనీలు వాదిస్తాయి. 2007లో ట్రక్కు మీద వెళుతూ గాయపడిన ఒక ఇటుకబట్టీ కూలీ కేసులో సుప్రీంకోర్టు కూడా చట్టప్రకారం కంపెనీకి బాధ్యత లేదనే చెప్పింది. ఆ కూలీ పేదరికం చూసి, తన ప్రత్యేక అధికారంతో, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలంది. ప్రతి కూలీ సుప్రీంకోర్టు దాకా పోగలడా?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో వ్యవసాయంలో భద్రత మీద 184వ ఒడంబడిక చేసింది. కళ్ళెదుట ప్రమాదం వుందని సబబైన కారణంతో నమ్మిన కూలీ ఆ పని నుంచి తప్పుకోవచ్చునని అందులో వుంది. అందుకు అతన్ని శిక్షించకూడదు. భారత ప్రభుత్వం ఆ ఒడంబడికను ఆమోదించలేదు.

మనం చెయ్యవలసింది

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. ఊళ్ళో కూలి రేట్లు చావిడి దగ్గర కూర్చుని తేల్చుకున్నట్లే ఇదీ తేల్చుకోవచ్చు. సీజను బేరాలప్పుడు కోర్కెల పత్రంలో ఐదు మాటలు చేర్చాలి. పొద్దున్న అరగంట తనిఖీకి డ్రైవరుకి కూలి కట్టాలి. బ్రేకు, స్టీరింగు, పిన్ను బాగోలేదన్న డ్రైవరును పనిలోంచి తియ్యకూడదు. షాఫ్టు మీద తొడుగు లేనిదే మిషను తిప్పకూడదు. దూరం పనికి పిలిచిన రైతు మనుషులు ఎక్కే బండినే మాట్లాడాలి, దాని ఖర్చు కూలిలో కొయ్యకూడదు. పనికి వచ్చిన వాళ్ళ పేర్లు మేస్త్రి రోజూ ఒక పుస్తకంలో రాయాలి.

బరువు మీద మనుషులు ఎక్కడం మానేద్దాం. ధాన్యం బస్తాల మీద, గడ్డి మీద, మడ్‌గార్డు మీద ఎవ్వరూ కూర్చోవద్దు. వేరే బండి దొరకలేదు, చీకటి పడుతోంది, ఇంటి దగ్గర పిల్లలున్నారు అని అక్కచెల్లెళ్ళు ఖాళీ ట్రక్కు ఎక్కే రోజులు ఇంకా కొన్నాళ్ళు వుంటాయి. అది నాకు తెలుసు. ఎక్కక తప్పని రోజున కూడా డ్రైవరుని మూడు మాటలు అడగండి. "బ్రేకులు చూశావా తమ్ముడూ? కొక్కెం వేశావా? పిన్నుకి క్లిప్పు వుందా?" మందు తాగి వుంటే ఒక్కరు కూడా ఎక్కవద్దు. ఒక్క మనిషి అడిగితే "నీకెందుకమ్మా" అంటారు. ఇరవై మంది కింద నిలబడి అడిగితే జవాబు చెప్పి తీరతారు. జవాబు చెప్పలేని బండి ఎక్కకుండా ఆ ఇరవై మందీ కలిసి నడిస్తే, మర్నాటికి ఆ బండికి కొత్త పిన్ను వస్తుంది.

డ్రైవర్లు కూడా తాము యజమాని మనుషులమనే భ్రమ వదులుకోవాలి. ప్రమాదం జరిగిన రోజున యజమాని పేరు కాగితాల్లో ఎక్కడో అడుగున వుంటుంది. జైలుకి పోయేది డ్రైవరు. సంఘంలో వాళ్ళను చేర్చుకునే పని కూలీ సంఘం నాయకులు యీ సీజనులోనే మొదలుపెట్టాలి. ప్రతి శాఖా డ్రైవర్లతో ఒక సాయంత్రం కూర్చుని, పైన రాసిన ఎనిమిది అంశాలూ ఒక బండి దగ్గర నిలబడి చేతులతో చూపించి నేర్పాలి. నేర్చుకున్నవాళ్ళలో ఆడవాళ్ళూ వుండాలి, ట్రక్కు ఎక్కేది ఎక్కువగా వాళ్ళే కనుక.

ఎనిమిది గంటల పని దినం కూడా ఒకప్పుడు ఎవరూ ఇస్తామన్నది కాదు, కార్మికులు అడిగి తెచ్చుకున్నది. యీ అరగంటనూ అలాగే తెచ్చుకోవాలి. ఊడ్పుల బేరాలకు మేస్త్రులు కూర్చునే రోజు దగ్గర పడుతోంది. ఆ రోజు కోర్కెల కాగితంలో యీ ఐదు మాటలూ వున్నాయో లేదో చూసుకుని మరీ సంతకం పెట్టండి.